గిట్ సోర్స్ నుంచి కంపైల్ చేశా, ఒక్క ఎర్రర్ రాలేదు, కానీ క్లోన్ అవ్వట్లేదు

రాత్రిబండి
రెండు రాత్రులుగా దీని మీదే కూర్చున్నా. ఇంట్లో డెస్క్‌టాప్, ఉబుంటు 22.04, దాంతో వచ్చిన గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే సాధనం) 2.34.1. నాకు రీబేస్‌లో (ఒక బ్రాంచిలోని మార్పులని కొత్త పునాది మీదకి మార్చే కమాండ్) అప్‌డేట్-రెఫ్స్ అనే ఆప్షన్ కావాలి. ఒకదాని మీద ఒకటి కట్టుకున్న ఐదు బ్రాంచీలున్నాయి (విడివిడిగా సాగే పని వరసలు). అడుగున ఉన్నదాన్ని కదిపిన ప్రతిసారీ పైనున్న నాలుగింటినీ చేత్తో సర్దుకోవాల్సి వస్తోంది. ఆ ఆప్షన్ 2.38లో వచ్చిందట.

సరే అని కెర్నెల్.ఆర్గ్ నుంచి 2.51.0 టార్‌బాల్ (సోర్స్ ఫైళ్ళ మూట) దించుకుని విప్పా. మిషన్లో ఏమేం ఉన్నాయో చూసుకునే కన్ఫిగర్ స్క్రిప్టు నడిపా. సోర్స్‌ని ప్రోగ్రాంగా కట్టే మేక్ కొడితే మొదట ‘జెడ్‌లిబ్.హెచ్’ ఫైల్ లేదని ఆగిపోయింది. జెడ్‌లిబ్ డెవ్ ప్యాకేజీ వేసి మళ్ళీ కొట్టా. ఈసారి చివరిదాకా వెళ్ళింది. ఎర్రర్ అన్న మాటే లేదు. ‘సుడో మేక్ ఇన్‌స్టాల్’ కూడా అయిపోయింది.

ఇప్పుడు రెండు సమస్యలు. ఒకటి, ‘గిట్ --వెర్షన్’ అంటే ఇంకా 2.34.1 అనే చూపిస్తోంది. రెండు, ‘/యూఎస్ఆర్/లోకల్/బిన్/గిట్’ అని పూర్తి దారి ఇస్తే 2.51.0 అంటోంది కానీ, క్లోన్ చేయబోతే (ప్రాజెక్టు మొత్తాన్ని నెట్ నుంచి కాపీ తెచ్చుకోబోతే) హెచ్‌టీటీపీఎస్‌కి రిమోట్ హెల్పర్ దొరకలేదని ఫేటల్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. పాత గిట్‌తో అదే లింకు హాయిగా క్లోన్ అవుతోంది. అంటే నెట్ సమస్య కాదు. ఏం తప్పు చేశానో ఎవరైనా చెప్తారా?

బెజవాడ_బిట్
ఆ టెర్మినల్ మూసేసి కొత్తది తెరువు తమ్ముడూ. మొదటి రోగం పోతుంది. రెండోదానికి పంతులుగారు రావాలి.

ఉలవచారు
ఇంత శ్రమ ఎందుకసలు? ఉబుంటు గిట్ మెయింటెయినర్ల పీపీఏ (ఏపీటీతో వేసుకునే అదనపు ప్యాకేజీల చోటు) ఉంది కదా. రిపో జోడించి, ఏపీటీ అప్‌డేట్, అప్‌గ్రేడ్. ఐదు నిమిషాల పని. కొత్త స్టేబుల్ వెర్షన్ వచ్చేస్తుంది, అప్‌డేట్లు కూడా వాటంతటవే వస్తాయి. నేను పన్నెండు మిషన్లు చూసుకుంటా, అన్నిట్లో అదే.

రాత్రిబండి
@ఉలవచారు పీపీఏ సంగతి తెలుసన్నా. ఎలా తయారవుతుందో ఒకసారి నా చేత్తో కట్టి చూడాలనిపించింది. రోజూ వాడే సాధనం కదా.

@బెజవాడ_బిట్ కొత్త టెర్మినల్లో 2.51.0 వచ్చింది! ఇదెలా?

పెంగ్విన్_పంతులు
బ్యాష్ ఒక కమాండ్‌ని ఒకసారి వెతికి పట్టుకున్నాక దాని దారి గుర్తుపెట్టుకుంటుంది. మీరు ఆ టెర్మినల్లో ముందే పాత గిట్ వాడి ఉంటారు. అందుకే కొత్తది వచ్చినా పాత ఇంటికే వెళ్ళి తలుపు కొట్టింది. టెర్మినల్ మూయక్కర్లేదు, ‘హాష్ -ఆర్’ కొడితే ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది. ‘టైప్ -ఏ గిట్’ కొట్టి చూడండి, మిషన్లో ఎన్ని గిట్‌లు ఉన్నాయో, ఏది ముందు దొరుకుతోందో వరసగా చూపిస్తుంది.

ఇక అసలు సమస్య. మీ గిట్‌లో హెచ్‌టీటీపీఎస్ లేదు. పాడవలేదు, అసలు కట్టనే లేదు. గిట్ నెట్ మీద హెచ్‌టీటీపీఎస్ మాట్లాడాలంటే లిబ్‌కర్ల్ అనే లైబ్రరీ కావాలి. ఆ పని చేసేది ‘గిట్-రిమోట్-హెచ్‌టీటీపీఎస్’ అనే వేరే ప్రోగ్రాం, మెయిన్ గిట్ దాన్ని పిలుస్తుంది. కర్ల్ హెడర్ ఫైళ్ళు మీ మిషన్లో లేవు. కన్ఫిగర్ అది చూసి, సరే ఇది లేకుండానే కట్టేద్దామని నిర్ణయించేసుకుంది.

నమ్మకం కుదరకపోతే సోర్స్ డైరెక్టరీలో ‘కన్ఫిగ్.మ్యాక్.ఆటోజెన్’ అనే ఫైల్ తెరవండి. కన్ఫిగర్ తీసుకున్న నిర్ణయాలన్నీ అందులోనే ఉంటాయి. ‘నో_’ అని వెతకండి. ఏం కనిపించిందో ఇక్కడ రాయండి.

రాత్రిబండి
చూశా. అందులో ఇలా ఉంది:

నో_కర్ల్=ఎస్‌ప్లీజ్
నో_ఎక్స్‌పాట్=ఎస్‌ప్లీజ్
నో_ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్=ఎస్‌ప్లీజ్

నిజంగానే ‘ఎస్ ప్లీజ్’ అని రాసుంది! నేనెప్పుడు అన్నాను?

బెజవాడ_బిట్
పెళ్ళిచూపుల్లో అమ్మాయి తరఫున మేనమామ సరే అనేసినట్టుంది 😄

పెంగ్విన్_పంతులు
ఆ ‘ఎస్‌ప్లీజ్’ గిట్ మేక్‌ఫైల్లో (మేక్ చదివే సూచనల ఫైల్) ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. విలువ ఏదైనా పరవాలేదు, ఖాళీ కాకపోతే చాలు.

కన్ఫిగర్ నడిచేటప్పుడు తెరమీద బారెడు వరసలు పోతాయి కదా, అందులో కర్ల్ దగ్గర ‘నో’ అని ఒక వరస కచ్చితంగా వెళ్ళి ఉంటుంది. ఆ వేగంలో ఎవరి కంటికీ ఆనదు.

గిట్‌కి కన్ఫిగర్ తప్పనిసరి కాదు, ఈ సంగతి చాలామందికి తెలీదు. సోర్స్‌లోని ‘ఇన్‌స్టాల్’ ఫైల్ చదివితే అక్కడ మొదట చెప్పేది ఉత్త మేక్ గురించే. కన్ఫిగర్ అనేది కావాలంటే వాడుకోమని ఇచ్చిన రెండో దారి. మీరు నేరుగా మేక్ కొట్టి ఉంటే జెడ్‌లిబ్ దగ్గర ఆగినట్టే కర్ల్ దగ్గరా ఆగేది, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ దగ్గరా ఆగేది. ప్రతిచోటా ఏ ఫైల్ లేదో పేరుతో సహా అరిచి చెప్పేది. ఆ అరుపే మనకి కావాలి. పదిహేనేళ్ళుగా సోర్స్ నుంచే కట్టుకుంటున్నా, ఒక్కసారి కూడా కన్ఫిగర్ జోలికి పోలేదు.

ఉలవచారు
దీంతో నేను ఒప్పుకోను పంతులుగారూ. కొత్తవాడు ఐదుసార్లు ఆగి, ఐదుసార్లు ప్యాకేజీ పేరు వెతుక్కుంటే విసుగొచ్చి వదిలేస్తాడు. హెడర్ ఫైల్ పేరొకటి, ప్యాకేజీ పేరొకటి. ‘కర్ల్.హెచ్’ లేదంటే ‘లిబ్‌కర్ల్4-జీనూటీఎల్‌ఎస్-డెవ్’ వేయాలని ఎవరికి తోస్తుంది? ముందే ‘ఏపీటీ బిల్డ్-డెప్ గిట్’ కొడితే డెబియన్ వాళ్ళు గిట్ కట్టడానికి వాడే సామాన్లన్నీ ఒకేసారి దిగుతాయి. అప్పుడు కన్ఫిగర్ అయినా ఒకటే, ఉత్త మేక్ అయినా ఒకటే. సోర్సెస్ లిస్టులో డెబ్-ఎస్‌ఆర్‌సీ వరస మాత్రం ఆన్‌లో ఉండాలి.

పెంగ్విన్_పంతులు
బిల్డ్-డెప్ మంచి సలహా, కాదనను. కానీ అది డెబియన్, ఉబుంటు వాళ్ళకే. పైగా డాక్యుమెంటేషన్ సామాను కూడా లాక్కొస్తుంది.

కొత్తిమీర
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. డెవ్ ప్యాకేజీ అంటే ఏంటి? నా మిషన్లో కర్ల్ కమాండ్ పనిచేస్తోంది. మరి కర్ల్ లేదని ఎందుకంటుంది?

చిన్నక్క
@కొత్తిమీర కర్ల్ నడపడానికి కావాల్సింది వేరు, కర్ల్‌ని వాడుకునే ఇంకో ప్రోగ్రాం కట్టడానికి కావాల్సింది వేరు. హోటల్లో సాంబారు తినడానికి గిన్నె, చెంచా చాలు. అదే సాంబారు ఇంట్లో పెట్టాలంటే పాళ్ళు రాసిన కాగితం కావాలి. హెడర్ ఫైళ్ళు ఆ కాగితం. మామూలుగా వాడేవాళ్ళకి అక్కర్లేదని డెబియన్, ఉబుంటుల్లో విడిగా ‘-డెవ్’ ప్యాకేజీలో పెడతారు. ఫెడోరా వైపు అయితే ‘-డెవెల్’ అంటారు.

@రాత్రిబండి కర్ల్‌తో పాటు ఎక్స్‌పాట్, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, గెట్‌టెక్స్ట్ కూడా వేసేయండి. ఎక్స్‌పాట్ లేకపోతే పాత వెబ్‌డావ్ పద్ధతిలో పుష్ చేయడం ఒక్కటే పోతుంది, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎక్కువగా ఇమాప్-సెండ్ కోసం. అవి లేకున్నా మీకు నడుస్తుంది కానీ, ఎలాగూ కడుతున్నారు కదా.

రాత్రిబండి
అన్నీ వేశా. శుభ్రంగా మొదట్నుంచీ చేద్దామని ‘మేక్ డిస్ట్‌క్లీన్’ కొట్టా. ఇప్పుడు కన్ఫిగర్ ఫైలే మాయమైపోయింది! డైరెక్టరీలో లేదు. ఇదేం గోల?

పెంగ్విన్_పంతులు
గిట్‌లో డిస్ట్‌క్లీన్ అంటే కన్ఫిగర్‌ని కూడా ఊడ్చేస్తుంది. కెర్నెల్.ఆర్గ్ టార్‌బాల్లో దాన్ని ముందే తయారుచేసి పెడతారు. రిపోని క్లోన్ చేసుకుంటే మాత్రం ఉండదు, ‘మేక్ కన్ఫిగర్’ అని మనమే పుట్టించుకోవాలి, దానికి ఆటోకాన్ఫ్ కావాలి. గిట్‌హబ్ తనంతట తాను తయారుచేసే జిప్, టార్‌బాల్లోనూ ఉండదు. చాలామంది అక్కడ దించుకుని కన్ఫిగర్ ఏదీ అని వెతుకుతుంటారు.

మీరు మళ్ళీ టార్‌బాల్ విప్పుకోవచ్చు. లేదా నా మాట విని ఈసారి అది లేకుండానే కట్టండి. సోర్స్ డైరెక్టరీలో ‘కన్ఫిగ్.మ్యాక్’ అని ఒక ఫైల్ పెట్టి, అందులో ఇన్‌స్టాల్ అయ్యే చోటు (ప్రిఫిక్స్) చెప్తూ ఒకే వరస రాయండి: ‘ప్రిఫిక్స్ = /ఆప్ట్/గిట్-2.51.0’. మేక్‌ఫైల్ దాన్ని తనంతట తానే చదువుకుంటుంది. తర్వాత ‘మేక్ -జె4’, ఆపైన ‘సుడో మేక్ ఇన్‌స్టాల్’.

నల్లమల_గాలి
ప్రిఫిక్స్ విషయంలో నా అనుభవం చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది. కన్ఫిగర్, కన్ఫిగ్.మ్యాక్ ఏవీ లేకుండా ఉత్త మేక్ కొడితే గిట్ మన హోమ్ డైరెక్టరీలోకి ఇన్‌స్టాల్ అవ్వాలని అనుకుంటుంది. అదే దాని డిఫాల్ట్. నాకది తెలీక ‘మేక్’, తర్వాత ‘సుడో మేక్ ఇన్‌స్టాల్’ కొట్టా. సుడోలో హోమ్ అంటే రూట్ (అడ్మిన్ యూజర్) హోమ్ కదా. దారి మారిందని గుర్తించి మొత్తం మళ్ళీ కంపైల్ చేసి, రూట్ హోమ్‌లోని బిన్‌లో పెట్టేసింది. నేనేమో యూఎస్‌ఆర్-లోకల్ అంతా గాలించా. అప్పటికి సోర్స్ డైరెక్టరీలో ఆబ్జెక్ట్ ఫైళ్ళన్నీ రూట్ పేరు మీదకి వెళ్ళిపోయాయి. మర్నాడు మామూలు యూజర్‌గా మేక్ కొడితే పర్మిషన్ డినైడ్. మేక్‌కి, మేక్ ఇన్‌స్టాల్‌కి ప్రిఫిక్స్ ఒకటే ఉండాలి. ఇన్‌స్టాల్ ఫైల్లో ఈ హెచ్చరిక ఉంది, నేనే చదవలేదు. కన్ఫిగ్.మ్యాక్‌లో రాస్తే ఈ బాధ ఉండదు.

ఉలవచారు
ఇందుకే పీపీఏ అన్నాను.

నల్లమల_గాలి
@ఉలవచారు అన్నా, పీపీఏ వేయాలంటే రూట్ ఉండాలి. నేను చదువుకున్న ల్యాబులో సెంట్‌ఓఎస్ 7 ఉండేది. దాంట్లో గిట్ 1.8.3.1. ‘గిట్ స్విచ్’ లేదు, ‘రిస్టోర్’ లేదు. అవి 2.23లో, 2019లో వచ్చాయి. అడ్మిన్‌ని అడిగితే అందరూ వాడే మిషన్, మార్చం అన్నారు. వాళ్ళ ఇబ్బంది వాళ్ళది. డెవ్ ప్యాకేజీలు కూడా లేవు. అప్పుడు కర్ల్ సోర్స్ తెచ్చి దాన్ని నా హోమ్‌లో కట్టి, గిట్ మేక్‌ఫైల్లో ‘కర్ల్‌డైర్’ అనే చోట ఆ దారి ఇచ్చి, గిట్‌ని కూడా హోమ్‌లోనే కట్టుకున్నా. శనివారం పొద్దున మొదలుపెడితే రాత్రి ఎనిమిదైంది. ల్యాబులో నేను, సెక్యూరిటీ తాత, రెండు ఫ్యాన్లు. చివరికి క్లోన్ శాతం 100కి చేరినప్పుడు తాతకి కూడా చూపించా. ‘అయిపోయిందా బాబూ, తాళం వేసుకోనా’ అన్నాడు. నాకు మేక్‌ఫైల్ చదవడం వచ్చింది ఆ ఒక్క రోజులోనే. పీపీఏతో అది రాదు.

బెజవాడ_బిట్
తాతకి ఒక లైక్.

డల్లాస్_బావ
మ్యాక్ వాళ్ళ కోసం ఒక ముక్క. ఎక్స్‌కోడ్ కమాండ్ లైన్ టూల్స్‌తో ఆపిల్ సొంత గిట్ వస్తుంది, వెర్షన్ పక్కన ‘ఆపిల్ గిట్’ అని ఉంటుంది. సోర్స్ నుంచి కడితే ‘లిబ్‌ఇంట్ల్.హెచ్’ లేదని ఆగొచ్చు, అది గెట్‌టెక్స్ట్ లేకపోవడం వల్ల. హోమ్‌బ్రూలో గెట్‌టెక్స్ట్ వేసుకోండి, లేదా ‘నో_గెట్‌టెక్స్ట్=1’ ఇచ్చేయండి. ఇక్కడ ఎస్‌ప్లీజ్ మనం మన నోటితో అంటున్నట్టే.

చిన్నక్క
టార్‌బాల్ సంతకం చూసుకున్నారా ఎవరైనా? ఇంతసేపు ప్రిఫిక్స్ గురించే మాట్లాడుకుంటున్నాం. కెర్నెల్.ఆర్గ్‌లో ప్రతి టార్‌బాల్ పక్కన ‘.సైన్’ ఫైల్ ఉంటుంది. 2005 జూలై నుంచి గిట్‌ని నడిపిస్తున్న జునియో హమానో సంతకం అది. అయితే ఆ సంతకం కుదించని టార్ మీద ఉంటుంది. నేరుగా కుదించిన ఎక్స్‌జెడ్ ఫైల్ మీద సంతకాలు సరిచూసే జీపీజీ నడిపితే ‘బ్యాడ్ సిగ్నేచర్’ అంటుంది, గుండె ఆగినంత పనవుతుంది. ముందు ఎక్స్‌జెడ్‌తో విప్పి, ఆ టార్‌ని సరిచూడాలి.

2024 మార్చిలో ఎక్స్‌జెడ్ కుదింపు సాధనంలో బ్యాక్‌డోర్ (దొంగదారి) బయటపడినప్పుడు, దాన్ని నడిపించిన ముక్క విడుదల టార్‌బాల్లోనే ఉంది, రిపోలో లేదు. అంటే రిపో చదివినవాళ్ళకి కూడా కనబడలేదు. సంతకం ఒక్కటే దాన్ని ఆపలేదు కూడా, ఎందుకంటే పెట్టినవాడు మెయింటెయినరే. అయినా దారిలో ఎవరూ ఫైల్ మార్చలేదని తెలుసుకోవడానికి మనకున్నది సంతకమే. అందుకే నేను టార్‌బాల్ మానేసి, పాత గిట్‌తో రిపో క్లోన్ చేసి, ట్యాగ్‌ని వెరిఫై చేసి అక్కణ్ణుంచి కడతా.

పెంగ్విన్_పంతులు
గిట్‌ని గిట్‌తోనే తెచ్చుకుని కట్టడం. 2005 ఏప్రిల్ 7న లైనస్ టోర్వాల్డ్స్ పెట్టిన మొదటి కమిట్ (రికార్డు చేసిన మార్పు) ఆ రిపోలోనే ఉంది. అప్పటిదాకా లైనక్స్ కెర్నెల్ వాళ్ళు ఇదే పనికి వాడుతున్న బిట్‌కీపర్‌కి ఉచిత వాడకం ఆగిపోవడంతో మొదలెట్టిన పని. ఆ మొదటి కమిట్‌ని చెకౌట్ చేసి చూడండి, మొత్తం ఎనిమిది సీ ఫైళ్ళే. ఒక సాయంత్రం చదివేయొచ్చు.

ఉలవచారు
సెక్యూరిటీ మాట వచ్చింది కాబట్టి నా అసలు భయం చెప్తా. నేను పీపీఏ, ఏపీటీ అని పట్టుబడుతున్నది బద్ధకంతో కాదు. 2025 జూలైలో సబ్‌మాడ్యూల్ (రిపోలో ఇమిడిన ఇంకో రిపో) దారి పేరు చివర క్యారేజ్ రిటర్న్ పెట్టి, రికర్సివ్‌గా క్లోన్ చేసినవాడి మిషన్లో ఏదైనా నడిపించగలిగే లోపం బయటపడింది. లైనక్స్, మ్యాక్ రెండింటికీ ముప్పే. 2.50.1లో, పాత వరసల్లోనూ సరిచేశారు. డిస్ట్రోలు కూడా తమ పాత వెర్షన్లకే ఆ అతుకు వేసి పంపిస్తాయి. అందుకే ఉబుంటు గిట్ చూడ్డానికి 2.34.1 అనే ఉంటుంది కానీ, పక్కన ఉబుంటు నంబరు మారుతుంటుంది.

సోర్స్ నుంచి కట్టుకున్నవాడికి ఈ కబురు ఎవరు చెప్తారు? మా పాత ఆఫీసులో ఒకాయన ఎప్పుడో కట్టి పెట్టిన గిట్ యూఎస్‌ఆర్-లోకల్‌లో నాలుగేళ్ళు అలాగే ఉంది. ఆయన ఉద్యోగం మారాడు. ఏపీటీ అప్‌గ్రేడ్ నెలనెలా జరుగుతూనే ఉంది, కానీ నడుస్తున్నది ఆ పాతదే. ఎవరికీ తెలీదు. ‘టైప్ -ఏ’ కొట్టిన రోజున నాకు నిజంగా టెన్షన్ వచ్చింది.

పెంగ్విన్_పంతులు
ఇది న్యాయమైన మాట. నలుగురు వాడే మిషన్లో అయితే మీ వైపే నేనూ. ఇంటి డెస్క్‌టాప్‌లో, తన గిట్‌ని తను చూసుకోగలిగినవాడికి మాత్రమే సోర్స్.

ఇంకొకటి. గిట్ మేక్‌ఫైల్లో ‘మేక్ అన్‌ఇన్‌స్టాల్’ లేదు. యూఎస్‌ఆర్-లోకల్‌లో కలిపేస్తే ఏ ఫైల్ దేనిదో తర్వాత తేల్చడం కష్టం. అందుకే ప్రతి వెర్షన్‌ని ఆప్ట్ కింద దాని పేరుతో విడిగా పెట్టమన్నా. తీసేయాలంటే ఆ డైరెక్టరీ చెరిపేస్తే సరి. బిన్‌లోకి ఒక సిమ్‌లింక్, లేదా ఆ లింకులు తనే పెట్టే గ్నూ స్టో వాడుకోండి.

నల్లమల_గాలి
ఆ డైరెక్టరీని వేరే మిషన్‌కి కాపీ చేసేటప్పుడు జాగ్రత్త. ‘లిబ్‌ఎగ్జెక్/గిట్-కోర్’లో వందకు పైగా ‘గిట్-యాడ్’, ‘గిట్-కమిట్’ లాంటి పేర్లుంటాయి, అన్నీ ఒకే ఫైల్‌కి హార్డ్‌లింకులు. ఒకసారి ఫ్యాట్ ఫార్మాట్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశా. అక్కడ హార్డ్‌లింకులు ఉండవు కదా, ప్రతి పేరూ ఒక పూర్తి గిట్ అయి కూర్చుంది. పెన్‌డ్రైవ్ నిండిపోయింది. టార్ చేసి పంపితే ఆ గొడవ లేదు.

రాత్రిబండి
అయింది!! కన్ఫిగర్ లేకుండా, కన్ఫిగ్.మ్యాక్‌లో ఒక్క వరసతో. ఈసారి తెరమీద ‘సీసీ’ వరసలు పోతుంటే కన్నార్పకుండా చూశా. ‘సీసీ హెచ్‌టీటీపీ.ఓ’, ‘సీసీ రిమోట్-కర్ల్.ఓ’ కనబడ్డాయి. అమ్మ వచ్చి ఏం చూస్తున్నావురా అంటే, కర్ల్ వస్తుందేమోనని చూస్తున్నా అన్నా. కర్ల్ ఎవర్రా అంది. నా పాత కోర్ ఐ5లో మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

క్లోన్ అయ్యింది. ‘గిట్ రీబేస్ --అప్‌డేట్-రెఫ్స్’ నడిపా. ఐదు బ్రాంచీలు ఒకే దెబ్బకి కదిలాయి. చివర్లో ఏయే రెఫ్‌లు మార్చిందో జాబితా ఇచ్చింది. రెండు రాత్రులు ఊరికే పోలేదు.

యూఎస్‌ఆర్-లోకల్‌లో మొదటిసారి వేసినది ఎలా తీయాలి?

పెంగ్విన్_పంతులు
శుభం. పాతది తీయడానికి ఒక చిట్కా: మళ్ళీ అదే సోర్స్‌ని యూఎస్‌ఆర్-లోకల్ ప్రిఫిక్స్‌తో కట్టి, ‘డెస్ట్‌డైర్’ అని ఒక ఖాళీ డైరెక్టరీ ఇచ్చి మేక్ ఇన్‌స్టాల్ కొట్టండి. నిజమైన చోట కాకుండా అందులో పెడుతుంది. ఏయే ఫైళ్ళు వచ్చాయో ఆ జాబితా చూసి అసలు చోట తీసేయండి.

చిన్నక్క
ఇక ముందు అనుమానం వస్తే ఆటోజెన్ ఫైలే తెరవక్కర్లేదు. కొత్త వెర్షన్లలో ‘గిట్ వెర్షన్ --బిల్డ్-ఆప్షన్స్’ అంటే ఏ లిబ్‌కర్ల్‌తో, ఏ జెడ్‌లిబ్‌తో కట్టారో చెప్తుంది.

రాత్రిబండి
ఇంకో రెండు లోపాలు కనబడ్డాయి. ‘గిట్ సబ్‌ట్రీ’ అలాంటి కమాండే లేదంటోంది. ‘గిట్ హెల్ప్ రీబేస్’ అంటే పాత వెర్షన్ మ్యాన్ పేజీ వస్తోంది.

పెంగ్విన్_పంతులు
సబ్‌ట్రీ ‘కంట్రిబ్’ డైరెక్టరీలో ఉంటుంది. మెయిన్ మేక్ దాన్ని ముట్టుకోదు, అందులోకి వెళ్ళి విడిగా మేక్ ఇన్‌స్టాల్ చేయాలి. ట్యాబ్ కంప్లీషన్ స్క్రిప్టు, లిబ్‌సీక్రెట్ పాస్‌వర్డ్ హెల్పర్ కూడా అక్కడివే. డిస్ట్రో వాళ్ళు మనకోసం ఇవన్నీ సర్ది పెడతారు, కాబట్టి గిట్‌లో భాగమే అనుకుంటాం.

మ్యాన్ పేజీలు కట్టాలంటే ఆస్కీడాక్, ఎక్స్‌ఎమ్‌ఎల్‌టూ కావాలి. అవి తమ వెంట చాలా సామాను తెస్తాయి. రోజూ డేటా లెక్క చూసుకునేవాళ్ళు ఆ జోలికి పోవద్దు. కెర్నెల్.ఆర్గ్‌లో ‘గిట్-మ్యాన్‌పేజెస్’ అని తయారుగా ఉన్న టార్‌బాల్ దొరుకుతుంది. అది ఆప్ట్‌లోని మీ షేర్-మ్యాన్ కింద విప్పుకుంటే చాలు.

నల్లమల_గాలి
ఆఫీసు మిషన్లో చేసేవాళ్ళకి: ప్రిఫిక్స్ యూఎస్‌ఆర్ తప్ప ఇంకేదైనా అయితే గిట్ సిస్టమ్ సెట్టింగుల కోసం ‘/ఈటీసీ/గిట్‌కన్ఫిగ్’ చూడదు, ఆ ప్రిఫిక్స్ కింద ఉండే ఈటీసీలో చూస్తుంది. ఆఫీసు ప్రాక్సీ, సర్టిఫికెట్ల సెట్టింగులు మొదటిదాంట్లో ఉంటే కొత్త గిట్‌కి అవి కనబడవు. కన్ఫిగ్.మ్యాక్‌లో ‘సిస్‌కాన్ఫ్‌డైర్ = /ఈటీసీ’ అని ఇంకో వరస రాయండి. నాకు ఇది తెలియడానికి ఒక మధ్యాహ్నం పట్టింది.

కొత్తిమీర
నేనూ నిన్న రాత్రి కట్టా, మొదటిసారే అయింది! ఒక సందేహం. గెట్‌టెక్స్ట్ అనువాదాల కోసమని చదివా. మరి గిట్‌ని తెలుగులో చూడొచ్చా?

చిన్నక్క
నీ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నా కొత్తిమీరా. సోర్స్‌లో ‘పీఓ’ డైరెక్టరీ తెరువు. బల్గేరియన్ ఉంది, కెటలాన్ ఉంది, వియత్నామీస్ ఉంది. తెలుగు లేదు. గ్నోమ్, కేడీఈ డెస్క్‌టాప్‌లకి తెలుగు ఉంది. స్వేచ్ఛ సంస్థ వాళ్ళు ఎప్పుడో డెస్క్‌టాప్ మొత్తాన్ని తెలుగులోకి తెచ్చారు. గిట్‌కి మాత్రం ఎవరూ పూనుకోలేదు.

మొత్తం ఐదు వేలకు పైగా సందేశాలు. కానీ కొత్త భాష మొదలుపెట్టేవాళ్ళు ముందు ‘కోర్’ అనే చిన్న భాగం చేస్తే చాలని పీఓ రీడ్‌మీలో ఉంది. ‘మేక్ పీఓ-ఇనిట్’కి ‘టీఈ.పీఓ’ అని ఫైల్ పేరిస్తే ఖాళీ ఫైల్ తయారవుతుంది. నేను పోయిన నెల మొదలుపెట్టా.

ఉలవచారు
ఎవరు వాడతారమ్మా? టెర్మినల్లో తెలుగు ఒత్తులు సరిగా కూడా పడవు. అక్షరం ఒక గదిలో, ఒత్తు పక్క గదిలో.

చిన్నక్క
చాలా టెర్మినళ్ళలో అది నిజమే అన్నా. కానీ ఆ గదులు బాగుచేసేవాళ్ళకి చూపించడానికైనా ముందు తెలుగు వాక్యం ఉండాలి కదా. మా ఊరి డిగ్రీ కాలేజీలో నేర్పిస్తుంటా. ‘మీ పనిలో ఇంకా కమిట్ చేయని మార్పులున్నాయి, ముందు వాటిని దాచండి’ అని తెలుగులో రాసి చూపిస్తే పిల్లలకి అర్థమవుతోంది. అదే వాక్యం ఇంగ్లీషులో ఎర్రగా కనిపిస్తే భయపడి ఫోల్డర్ మొత్తం చెరిపేసి మళ్ళీ క్లోన్ చేసుకుంటున్నారు.

డల్లాస్_బావ
బ్రాంచికి ‘శాఖ’ అంటావా, ‘కొమ్మ’ అంటావా అక్కా?

చిన్నక్క
బ్రాంచినే ఉంచా. అందరి నోటా అదే. కమిట్, మెర్జ్ కూడా అంతే. స్టాష్‌కి ‘దాచు’, ఇగ్నోర్‌కి ‘వదిలేయి’ బాగా కుదిరాయి.

పెంగ్విన్_పంతులు
కొమ్మ ఎందుకు వద్దు? ‘మీరిప్పుడు మెయిన్ కొమ్మ మీద ఉన్నారు’ అంటే ఎంత బాగుంది.

బెజవాడ_బిట్
కొమ్మ మీద ఉండి అదే కొమ్మని డిలీట్ చేయబోతే గిట్ ఒప్పుకోదు. తెలుగులో ఆ సందేశానికి అనువాదమే అక్కర్లేదు, కథ అందరికీ తెలుసు 😄

రాత్రిబండి
రీబేస్‌కి ఏమన్నారు చిన్నక్కా?

చిన్నక్క
రీబేస్‌నే ఉంచి, వివరణలో ‘కమిట్లని కొత్త పునాది మీదకి మార్చడం’ అన్నా. ఇంతకంటే మంచిది తడితే చెప్పండి, మార్చేస్తా. నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతోంది మాటలు కాదు, వరస. ఇంగ్లీషు సందేశంలో ముందు క్రియ, తర్వాత ఫైల్ పేరు, ఆ తర్వాత బ్రాంచి పేరు వస్తాయి. మనకి క్రియ చివర్న. పేర్లు వచ్చి కూర్చునే ‘%ఎస్’లు రెండు ఉంటే వాటిని తారుమారు చేయాలి. ‘%1$ఎస్’, ‘%2$ఎస్’ అని నంబర్లు ఇస్తే సీ సందేశాల్లో అది కుదురుతుంది. ‘1 కమిట్ ముందుంది’, ‘3 కమిట్లు ముందుంది’ అని ఏకవచనం, బహువచనం విడిగా ఇవ్వాలి. కట్టి, నడిపి, కంటితో చూస్తేగానీ తప్పు తెలీదు.

కొత్తిమీర
నేనూ చేస్తా అక్కా. ఏం వేసుకోవాలి?

రాత్రిబండి
నేను కూడా. నిన్న రాత్రి పీఓ-ఇనిట్ నడిపి మొదటి ఇరవై సందేశాలు చేశా. @కొత్తిమీర గెట్‌టెక్స్ట్ ప్యాకేజీ ముందే ఉండాలి, లేకపోతే ‘ఎక్స్‌గెట్‌టెక్స్ట్’ దొరకలేదని ఆగుతుంది. ఆగినప్పుడు ఏ పేరు చెప్తోందో చదివి అది వేసెయ్యి. చిన్నక్కా, 14వ సందేశంలో ‘అన్‌ట్రాక్డ్ ఫైల్స్’ దగ్గర ఆగిపోయా. ‘గిట్ ఇంకా చూడని ఫైళ్ళు’ అని పెట్టనా?

చిన్నక్క
‘గిట్ ఇంకా పట్టించుకోని ఫైళ్ళు’ అంటే ఇగ్నోర్‌తో కలిసిపోతుంది కాబట్టి నీదే బాగుంది. పెట్టేసెయ్.